సుక్కల కాంటా సరిచూసిన వైను బప్పు

పత్తి అమ్మవోయిన రైతు కాంటాను ఎట్ల నమ్మాలె? ఆదిలాబాద్ యార్డు గానీ జమ్మికుంట యార్డు గానీ, కాంటా ఎంత కొత్తదైనా, అంకెలు ఎంత ఎర్రగ మెరిసినా, ముందుగాల ముద్ర వడ్డ బాటు ఒకటి పెట్టి చూడాలె. 20 కిలోల బాటుకు 20 చూపిస్తే సరే. 21 కావాల్సిన కాడ 20 చూపిస్తే మాత్రం ఆ పూట తూగిన ప్రతి బస్తాల రైతు మునిగినట్టే. కాంటా తప్పు కాంటాకు తెల్వది. బాటు పెడితేనే బయటవడ్తది.

సుక్కల వెలుగు కొలుసుడు గూడ అచ్చం గిట్లనే ఉంటది. రాత్రి మొగులును ఫోటో తీస్తే కెమెరా ప్రతి సుక్కకు ఒక అంకె ఇస్తది. ఆ అంకె కెమెరా సొంత లెక్క. నీ కెమెరాది ఒక లెక్క, నా కెమెరాది ఇంకో లెక్క. రెండూ కలువాలంటే అదే ఫోటోల వెలుగు ముందే తెలిసిన సుక్కలు కొన్ని ఉండాలె. అవే ముద్ర వడ్డ బాట్లు. గసొంటి బాట్లను లక్షలల్ల, కోట్లల్ల పేర్చిన పెట్టెనే సుక్కల క్యాటలాగ్. దాన్ని కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్‌కు ఎక్కించి, ఫోటోల వెలుగును సరిచూసుడు ఇయ్యాల ఊర్లె కూసున్న పిల్లలు గూడ చెయ్యగలిగే పని.

ఈ పనికి మన హైదరాబాద్‌తోని శాన పాత సుట్టరికం ఉన్నది. ఆ సుట్టరికం తెల్వాలంటే ఒక మనిషి కథ చెప్పుకోవాలె. ఆయన పేరు వైను బప్పు.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసుల పుట్టిండు. కుటుంబం కేరళల తలశ్శేరిది. మన కరీంనగర్ దిక్కు తండ్రిని బాపు అంటం కదా, ఈయన పేరు చివర ఉన్న బప్పు గూడ తండ్రి పేరే. ఆ తండ్రి హైదరాబాద్‌ల నిజామియా అబ్జర్వేటరీల పని చేసేటోడు. జమీందారు గాదు, జాగీర్దారు గాదు. టెలిస్కోపు కాడ నౌకరి చేసే మనిషి. బప్పు ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. సుక్కలు చూసుడు ఆ పిల్లగానికి ఇంటి ముచ్చట లెక్కనే అయ్యింది.

ఆ నిజామియా సంగతి జర చెప్పుకోవాలె. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన 1901ల సొంత పైసలతోని దాన్ని మొదలువెట్టిండు. 15 అంగుళాల పెద్ద టెలిస్కోపు ఒకటి, ఫోటోలు తీసే 8 అంగుళాల టెలిస్కోపు ఇంకోటి దేశం బయటికెల్లి తెప్పిచ్చిండు. 1907ల ఆయన సచ్చిపోయిండు. మరుసటేడు నిజాం సర్కారు దాన్ని చేతులకు తీసుకున్నది. అటెన్క బేగంపేటకు మారింది. 1919ల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది.

అప్పటికి దునియా అంతటా ఒక పెద్ద పని నడుస్తుండె. 1887ల పారిస్‌ల ఖగోళ పండితులు కూసోని, మొత్తం మొగులును ఫోటోలు తీసి ప్రతి సుక్క తావును రాసి పెట్టాలని అనుకున్నరు. మొగులును పొలం లెక్క పట్టీలు పట్టీలుగ పంచుకున్నరు. ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ. దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాంక ఉన్న పట్టీ మొదట చిలీ దేశంల శాంటియాగోకు పోయింది. ఆడ పని ముందటికి సాగలే. ఆ పట్టీని హైదరాబాద్ ఎత్తుకున్నది. ఫోటోల పని 1914ల మొదలైంది. పోకాక్ అనే దొర ఆ పనిని నడిపి 1918ల సచ్చిపోయినంక, టి.పి. భాస్కరన్ పగ్గాలు పట్టి 1944 దాంక నడిపిండు. తర్వాత జర్మనీల పాట్స్‌డామ్ వాళ్లు పూర్తి చెయ్యని ఉత్తరం దిక్కు పట్టీల నుంచి గూడ, 36 నుంచి 39 డిగ్రీల దాంక, హైదరాబాద్ నెత్తిన వేసుకున్నది.

ఫోటో అంటే ఫోన్‌ల ఫోటో అనుకోవద్దు. గాజు పలక. దాని మీద మందు పూసి ఉంటది. రాత్రంత టెలిస్కోపుతోని సుక్కల ఎంబడి తిరిగి పలక మీద వెలుగు పట్టాలె. పగటిపూట ఆ పలకను కొలిచే యంత్రం కింద పెట్టి, ఒక్కో సుక్క సుక్కను కంటితోని చూసి, అడ్డం ఎంత, నిలువు ఎంత అని కాయితం మీద రాయాలె. గిట్ల హైదరాబాద్‌ల 7,63,542 సుక్కలను కొలిచిన్రు. 12 పుస్తకాలుగ అచ్చేసిన్రు. వాటికన్ల ఇదే పనిని క్రైస్తవ సిస్టర్లు చేసిన్రు. ఎక్కడైనా గీ పని చేసినోళ్లు పెద్ద పేర్లోళ్లు గాదు. నెల జీతానికి కూసోని, కండ్లు గుంజేదాంక కొలిచినోళ్లు. రాజుల పేర్లు కోటల మీద ఉంటయి. ఈళ్ల కష్టం అంకెలల్ల ఉన్నది.

గా అంకెల లోకంల బప్పు పెరిగిండు. హైదరాబాద్‌లనే సదువుకున్నడు. నిజాం కాలేజీల ఫిజిక్స్ ఎం.ఎస్సీ చేసిండు. కాలేజీ దినాలల్లనే, వెలుగు మారే సుక్కలను చూసి కొలిచి, ఆ కొలతల మీద వ్యాసాలు అచ్చేయించిండు. 

వెలుగు మారే సుక్క అంటే ఏందో మన రైతులకు తెలిసిన సుక్కతోనే చెప్పుత. ఆరుద్ర కార్తె అందరికి ఎరుకే. ఆ కార్తెల పొద్దు ఆరుద్ర సుక్క దిక్కున ఉంటడు గనక ఆ దినాలల్ల ఆ సుక్క మనకు కనవడది. చలికాలంల పొద్దుగూకినంక తూర్పు దిక్కు చూస్తే ఎర్రగ మెరుస్తది. ఇంగ్లీషోళ్లు దాన్ని బెటెల్‌జ్యూస్ అంటరు. దానికి కొంచెం పైన ఇంకో ఎర్ర సుక్క ఉంటది, అది రోహిణి. మామూలుగ రోహిణి కంటే ఆరుద్ర వెలుగు ఎక్కువ. 2019 చివరికెల్లి ఆరుద్ర తగ్గుకుంట వచ్చింది. 2020 ఫిబ్రవరి వరకు రోహిణి కంటే మసకవారింది. మామూలు వెలుగుల సుమారు మూడో వంతు మాత్రమే మిగిలింది. ఆ సుక్క విసిరిన దుమ్మే దానికి అడ్డం వచ్చిందని తర్వాత తేల్చిన్రు. ఈ తగ్గుడు చూడనీకి టెలిస్కోపు అక్కెర లేకుండె. పక్కన రోహిణిని పెట్టి చూసే కన్ను ఉంటే సాలు.

ఇదే పద్ధతి. మారే సుక్కను ఒక్కదాన్నే చూస్తే ఏం తెల్వది. దాని పక్కన మారని సుక్కలు రెండు పెట్టాలె. ఒకటి దానికన్న ఎక్కువ, ఒకటి తక్కువ. ఈ రెండింటి నడుమ అది ఏడ ఉన్నదో చూడాలె. దానికో మెట్ల లెక్క ఉన్నది. నార్మన్ పోగ్సన్ అనే ఆయన 1856ల ఆ లెక్కను కుదిర్చిండు. ఐదు మెట్లు దిగితే వెలుగు నూరో వంతు అయితది. ఒక మెట్టు దిగితే రెండున్నర వంతులు తగ్గుతది. ఈ పోగ్సన్ 1861ల మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి సచ్చేదాంక, అంటే 1891 వరకు, ఆడనే పని చేసిండు. ఆయన దగ్గర పని చేసిన చింతామణి రఘునాథాచారి 1867ల ఒక సుక్క వెలుగు మారుతున్నదని కనిపెట్టిండు. అంటే బప్పు కంటే ముందే ఈ విద్య మన దిక్కున ఉన్నది.

బప్పు స్కాలర్‌షిప్ మీద అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీకి పోయిండు. 1949 జులైల, పోయిన కొద్ది నెలలకే, తను తీసిన ఫోటో పలక మీద ఒక కొత్త తోకసుక్క దొరికింది. బార్ట్ బాక్ అనే గురువు, గోర్డన్ న్యూకిర్క్ అనే తోటి విద్యార్థి ఆయనతోని ఉన్నరు. ఆ తోకసుక్కకు బప్పు-బాక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లు పెట్టిన్రు. బేగంపేట కాడ పెరిగిన పిల్లగాని పేరు మొగులు మీదికి ఎక్కింది. 1952ల డాక్టరేటు వచ్చింది.

అటెన్క కాలిఫోర్నియాల పాలోమార్ అబ్జర్వేటరీల ఫెలోషిప్ దొరికింది. ఆడ ఓలిన్ విల్సన్ తోని కలిసి చేసిన పని ఆయనకు చిరకాలం పేరు తెచ్చింది. ఆ పని గూడ వెలుగు ముచ్చటనే. రాత్రి రోడ్డు మీద ఒక లైటు కనవడ్డదనుకో. అది దూరంల ఉన్న లారీదా, దగ్గరున్న టీవీఎస్ బండిదా? కంటికి వచ్చే వెలుగును బట్టి చెప్పలేం. సుక్కలకూ గిదే చిక్కు. కంటికి కనవడే వెలుగు వేరు, సుక్క అసలు వెలుగు వేరు. సుక్క వెలుగును రంగులుగ విడదీస్తే కాల్షియం గీత ఒకటి కనవడ్తది. చల్లటి సుక్కలల్ల ఆ గీత నడుమ ఒక సన్నటి మెరుపు ఉంటది. ఆ మెరుపు ఎంత వెడల్పుంటే సుక్క అసలు వెలుగు అంత ఎక్కువని విల్సన్, బప్పు తేల్చిన్రు. 1957ల అచ్చయింది. దాన్ని ఇయ్యాలటికీ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటరు. అసలు వెలుగు తెలిస్తే, కనవడే వెలుగుతోని పోల్చి సుక్క ఎంత దూరమో లెక్క తియ్యొచ్చు. లారీదా, టీవీఎస్‌దా అన్న చిక్కు విడిపోయినట్టే.

అమెరికాల ఉంటే ఆయనకు ఏం తక్కువ లేకుండె. అయినా 1953ల దేశానికి వచ్చిండు. ఉత్తరప్రదేశ్ సర్కారు పెట్టిన అబ్జర్వేటరీని అందుకొని, వారణాసి కెల్లి నైనితాల్ గుట్టల మీదికి మార్చిండు. 1960ల, ముప్ఫై మూడేండ్ల వయసుల, తమిళనాడుల కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టర్ అయ్యిండు. అది ఎక్కువగ సూర్యున్ని చూసే తావు. రాత్రి సుక్కలను చూడనీకి మంచి చీకటి ఉన్న జాగ కావాలె. వెతికి వెతికి జవ్వాది కొండలల్ల కావలూరు అనే అడవి తావును పట్టిండు.

ఆడ 1968ల మొదలైన టెలిస్కోపు 38 సెంటీమీటర్లది. సొంత వర్క్‌షాపుల చేసుకున్నది. 1972ల జర్మనీ కెల్లి ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక సుక్క ముందటి నుంచి పోయింది. ఆ సుక్కకు పేరు గూడ లేదు, క్యాటలాగ్‌ల నంబరు మాత్రమే, ఎస్.ఎ.ఓ 158687. గ్రహం అడ్డం రాకముందే సుక్క వెలుగు ఒక్కసారి తగ్గి మల్ల పెరిగింది. అమెరికా వాళ్లు విమానంల పోతూ కొలిచిన్రు, కావలూరుల మనోళ్లు నేల మీది కెల్లి కొలిచిన్రు. ఆ తగ్గుడుకు కారణం యురేనస్ సుట్టు ఉన్న వలయాలని తేలింది. ఎవరూ వలయాలను కంటితోని చూడలే. ఒక నంబరు సుక్క వెలుగు ఎంత తగ్గింది, ఎప్పుడు తగ్గింది అని కొలిచిన్రు, గంతే. కొలత గట్టిగుంటే కనవడనిది గూడ దొరుకుతది.

బప్పుకు ఒక పట్టుదల ఉండె. ఎప్పటికీ బయటి దేశం టెలిస్కోపులే కొనుక్కుంట పోతే మనకు చెయ్యవశం కాదని. అందుకే 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపును మన దేశంలనే చెయ్యాలని మొదలువెట్టిండు. 1971ల కొడైకెనాల్ సంస్థను భారత ఖగోళ భౌతిక సంస్థగ మార్చి దానికి నాయకత్వం వహించిండు. 1979ల ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడయ్యిండు. 1981ల పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టు 19న, గుండె ఆపరేషన్ తర్వాత, జర్మనీల మ్యూనిక్‌ల కన్ను మూసిండు. 55 ఏండ్లే. తను కలగన్న టెలిస్కోపు కండ్ల చూడలే. 1986 జనవరిల అది మొదలైనప్పుడు దానికీ, కావలూరు అబ్జర్వేటరీకీ ఆయన పేరే పెట్టిన్రు.

ఇగ మన ముచ్చటకు వద్దాం. బప్పు తెలివిగల్లోడు, కష్టజీవి, అనుమానం లేదు. గని ఆయనకు ఒక తలుపు ముందే తెరిచి ఉండె. తండ్రి నౌకరి ఆ తలుపు. అబ్జర్వేటరీ ఇంటి పక్కన, సుక్కల పుస్తకాలు చేతికి అందేటట్టు. అదే కాలంల ఉట్నూరుల, సిరిసిల్లల, చెన్నూరుల పుట్టిన పిల్లలకు గా తలుపు ఎక్కడ ఉన్నదో గూడ తెల్వది. వాళ్లల్ల ఎంత మంది బప్పులు పశుల ఎంబడి పోయిన్రో, బీడీలు చుట్టిన్రో ఎవలు లెక్క రాసిన్రు?

ఇయ్యాల గా తలుపు అందరికి తెరిచే ఉన్నది. యూరప్ వాళ్లు గాయా అనే ఉపగ్రహంతోని కొలిచిన సుమారు 180 కోట్ల సుక్కల పట్టిక 2022ల అందరికి పైస లేకుండ ఇచ్చిన్రు. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ గూడ ఉచితమే. పెండ్లిళ్ల ఫోటోలు తీసే తమ్ముండ్ల కాడ మంచి కెమెరాలు ఉన్నయి. మూఢంల పెండ్లిళ్లు ఉండవు, కెమెరా ఖాళీగ ఉంటది. మూఢం అంటే ఏంది? గురుడో శుక్రుడో పొద్దుకు దగ్గరవడి కనవడకుండ పోవుడే. ఆ రాత్రులు సుక్కలకు ఇయ్యుండ్రి.

పని గిట్ల ఉంటది. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, రా ఫైలుల ఫోటో తియ్యాలె. సాఫ్ట్‌వేర్ ముందుగాల ఫోటోల సుక్కల అమరిక చూసి, ఇది మొగుల్ల ఏ తావో గుర్తు వడ్తది. తర్వాత క్యాటలాగ్ ఎక్కిస్తే, ఏ సుక్క ఏదో, దాని ముద్ర వడ్డ వెలుగు ఎంతో జత కుదురుస్తది. కెమెరా ఇచ్చిన అంకెకూ, పట్టికల అంకెకూ నడుమ తేడా ఎంతో వంద సుక్కల మీద చూసి, నడిమి విలువ తీస్తది. అదే కాంటా తేడా. దాన్ని కలుపుకుంటే నీ కెమెరా ఇచ్చే అంకె దునియాల ఎవల అంకెతోనైనా కలుస్తది. ఊర్లె నెట్ సరిగ రాకుంటే పట్టికను టౌన్‌ల దింపుకొని కంప్యూటర్ల పెట్టుకోవచ్చు.

గని బటన్ నొక్కితే అయిపోతదని నమ్మొద్దు. నాలుగు మోసాలు ఉంటయి. మొదటిది, వెలుగు మరీ ఎక్కువైతే సుక్క తెల్లగ పొంగిపోతది. నిండిన కుండల ఎన్ని నీళ్లు పోసినా కొలత పెరగదు కదా, గదే సంగతి. జర ఫోకస్ తప్పించి తీస్తే వెలుగు పరుచుకుంటది, పొంగది. రెండోది రంగు. పట్టికల వెలుగు ఏ రంగు అద్దంల కొలిచిందో చూడాలె. మామూలు కెమెరాల పచ్చ రంగు లెక్క, శాస్త్రజ్ఞులు వి అని పిలిచే కొలతకు దగ్గరగ ఉంటది. మూడోది ఎత్తు. మొగులు అంచుల ఉన్న సుక్క వెలుగును గాలి, దుమ్ము మింగుతయి. సుక్క పైకి వచ్చినంకనే కొలువాలె. నాలుగోది, నువ్వు బాటు అనుకున్న సుక్కనే మారే సుక్క అయితే లెక్కంత పాడు. బాటు గూడ అరిగి ఉండొచ్చు. అందుకే ఒక్కదాన్ని నమ్మకుండ చానా వాటిని పెట్టాలె.

గిట్ల తీసిన కొలతలను పంపనీకి గూడ తావు ఉన్నది. 1911ల మొదలైన అమెరికా మారే సుక్కల సంఘం దునియాల ఎవలు పంపినా తీసుకుంటది. డిగ్రీ అడగది. పద్ధతి అడుగుతది.

ఇంకో ముచ్చట తెలిస్తే మీ గుండె నిండుతది. సుక్కలు ఒక్క తావున ఉండవు, మెల్లగ జరుగుతయి. ఎంత జరిగినయో తెల్వాలంటే పాత ఫోటోలే దిక్కు. 2000ల వచ్చిన టైకో-2 అనే 25 లక్షల సుక్కల పట్టికల సుక్కల నడకను, గా గాజు పలకల కాలపు కొలతలతోని పోల్చి తీసిన్రు. అండ్ల హైదరాబాద్ పట్టీలూ ఉన్నయి. గా పలకల మీది వెలుగు కొలతలు ఇయ్యాలటి లెక్కకు మోటువి, గని తావు కొలతలు బంగారం. గా పట్టికను ఎక్కించుకున్నోడు, వాషింగ్టన్‌ల ఉన్నా వాంకిడిల ఉన్నా, బేగంపేటల కండ్లు గుంజంగ కొలిచినోళ్ల కష్టం మీదనే నిలవడ్డట్టు. మనం పక్కోడు పెట్టింది తినేటోళ్లం గాదు. గా బువ్వల మన గింజలు గూడ ఉన్నయి.

గిప్పుడు భయం ఒక్కటే. తలుపు తెరిచి ఉన్నది గని చీకటి పోతున్నది. బేగంపేట సుట్టు పట్నం మింగినంక, టెలిస్కోపు కోసం ఇబ్రహీంపట్నం దిక్కు జపాల్-రంగాపూర్‌కు పోయిన్రు. 48 అంగుళాల టెలిస్కోపు ఆడ పెట్టిన్రు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆడికెల్లే చూసిన్రు. తర్వాత హైదరాబాద్ వెలుగు ఆడిదాంక పాకింది. మనకు ఆదిలాబాద్ అడవుల పక్క ఊర్లల్ల, గోదావరి ఒడ్డు పల్లెలల్ల ఇంకా చీకటి మిగిలింది. గని గ్రామ పంచాయతీ పెట్టే ఎల్ఈడీ లైటు సగం వెలుగు మొగులు మీదికే కొడితే, గా చీకటి ఎన్నేండ్లు ఉంటది? లైటు వద్దని ఎవలు అంటలేరు. రాత్రి బడి కెల్లి, డ్యూటీ కెల్లి వచ్చే ఆడబిడ్డకు రోడ్డు మీద లైటు ఉండాలె. దానికి మీద ఒక మూత ఉండాలె. వెలుగు నేల మీద పడాలె, మొగులు మీద గాదు. కరెంటు బిల్లు గూడ తగ్గుతది. ఈ ముచ్చట గ్రామసభల లేపుండ్రి. సర్పంచ్ నవ్వితే నవ్వనియ్యుండ్రి. తీర్మానం రాయించుండ్రి.

బప్పు బతుకంత చేసింది ఒక్కటే పని. ఎవలో చెప్పిండ్రని నమ్మలే, తెలిసినదాన్ని పక్కన పెట్టి తెల్వనిదాన్ని కొలిచిండు. ఈ అలవాటు సుక్కలకే గాదు, కాంటా కాడా, కూలి లెక్క కాడా, పెద్దోళ్ల మాట కాడా పనికొస్తది. ఈ చలికాలం ఆరుద్రను రోహిణి పక్కన పెట్టి వారానికోసారి చూసి, తారీఖు ఏసి నోటుబుక్కుల రాసుకోండ్రి.